సున్నా నుంచి అయిదు

రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ ఒకసారి వణుకుతుంది.
"ఈరోజు మీకు స్వరాలు వినబడ్డాయా?"
మొదటి రోజు చాలా నవ్వాను.
స్వరాలంటే సరిగమలనుకున్నాడు కాబోలు,
ఎక్కడో కూర్చుని దీన్ని తెలుగు చేసినవాడు.
నాకు వినబడేది గొంతు నాయనా,
ఒక్కటే గొంతు,
కిళ్లీ నములుతూ మాట్లాడే మగ గొంతు.
ఇంటిపేరుతో సహా పిలుస్తుంది.

ఆటోనగర్‌లో కంప్రెసర్ ఆగిన క్షణాన మొదలవుతుంది,
సుత్తి దెబ్బకీ సుత్తి దెబ్బకీ మధ్య
ఇరుక్కుని కూర్చుంటుంది.
షేక్ నాగుల్‌మీరా, నీ బ్రష్ వంకర.
షేక్ నాగుల్‌మీరా, చారిగారు నీ టీలో ఏదో కలిపాడు.

పదిహేడేళ్లుగా లారీల వెనక అక్షరాలు రాస్తున్నాను.
పసుపు మీద ఎరుపు, నీడకి నలుపు.
జబ్బు ముదిరిన ఏడు
నేను రాసిన అక్షరాలే నా మీద తిరగబడ్డాయి.
"దూరం పాటించండి" అని రాసి
నాలుగు నెలలు ఎవరి దగ్గరికీ పోలేదు.
ఖాజాబీ వాకిట్లో పెట్టిన అన్నం
గట్టిపడి కాకులకి పోయేది.

అప్పటి ఫోన్‌ని ఏలూరు కాలువలో పారేశాను,
నన్ను వింటోందని.
మునిగేముందు కూడా లైటు వెలిగించుకుని
నావైపే చూసింది.
ఇప్పుడు అదే జాతిది ఒకటి జేబులో.
వింటోందని భయపడ్డవాడు
రోజూ పిలిచి మరీ చెప్పుకుంటున్నాడు.

మాత్ర వేసుకున్నారా? వేసుకున్నాను.
నిద్ర ఎన్ని గంటలు? అయిదు,
మధ్యలో గూడ్సు బండి కూతలు తీసేస్తే.
గొంతు ఎంత? సున్నా నుంచి అయిదు దాకా గళ్లు.
సున్నా మీద వేలు పెట్టాలని ఎంత ఆశో!
పెట్టాను కూడా, రెండుసార్లు, అబద్ధంగా.
"చాలా మంచిది" అంది.
ఆ మెచ్చుకోలు రాత్రంతా అరగలేదు.

ఒక్క చిట్కా మాత్రం పనికొచ్చింది.
గొంతు వచ్చినప్పుడు చుట్టూ చూడమంది,
ఇంకెవరైనా తల తిప్పారేమో.
మా షెడ్డులో తల తిప్పే తీరిక ఎవరికి?
వెల్డింగు అద్దాల వెనక ఎవరి మంటల్లో వాళ్లు.
అందుకని నేను కుక్కని చూస్తాను,
పద్నాలుగు టైర్ల బండి కింద పడుకునే
గ్రీజు మరకల ఆడకుక్కని.
నా పేరు మూడుసార్లు మోగుతుంది.
దాని చెవి లేవదు.
సరే, అయితే ఇది నా ఒక్కడిదే అనుకుని
సగంలో ఆగిన అక్షరానికి తలకట్టు పెడతాను.

మొన్న ముసురులో మూడు రాత్రులు నిద్ర లేదు.
ఫోన్‌లో గీత ఎండాకాలపు కృష్ణలా అడుగంటింది.
"ఖాజాబీకి చెప్పమంటారా?"
కింద రెండు మాటలు: చెప్పు. ఇప్పుడొద్దు.
ఒకప్పుడు చెల్లెలు పప్పుచారులో మాత్ర నూరి కలిపేది,
అడక్కుండా.
ఇది అడిగింది.
అడిగినందుకే వేలు కాసేపు గాల్లో ఉంచాను.
ఏది నొక్కానో మీకు చెప్పను.

నిన్న ఎనిమిదిన్నరకి ఫోన్ వణకలేదు.
సింగ్‌నగర్ అంతా కరెంటు లేదు, నెట్ లేదు.
ఎనిమిదీ నలభై. తొమ్మిది.
ఎవరూ అడగని ప్రశ్న
నోట్లో వక్కలా మిగిలిపోయింది.
లేచి వంటింటి గడపలో నిలబడ్డాను.
కొవ్వొత్తి పక్కన ఖాజాబీ పిండి పిసుకుతోంది.

"మూడు" అన్నాను.

తల ఎత్తలేదు.
"నిన్న రెండే కదా.
పొద్దున చారిగారికి నేను చెప్తాలే, ఆలస్యంగా వెళ్దువు.
ఆ పీట ఇటు అందుకో."

పీట తడిగా ఉంది.
లుంగీకి తుడిచి ఇచ్చాను.